కుక్క ఉందని అసోసియేషన్ నోటీస్, ఓనర్ ఏమో ఖాళీ చెయ్యమంటున్నారు. అద్దెకుండేవాళ్ళకి ఏమైనా రక్షణ ఉందా?

మల్లి_వాళ్ళ_అమ్మ
అందరికీ నమస్తే, కాస్త పెద్దగా రాస్తున్నా ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేము హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఒక అపార్ట్‌మెంట్‌లో థర్డ్ ఫ్లోర్ 2 బీహెచ్‌కేలో ఉంటున్నాం. అద్దె 21 వేలు, మెయింటెనెన్స్ వేరే, రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చాం, 11 నెలల అగ్రిమెంట్‌లో 5 నెలలు అయిపోయాయి. మా దగ్గర మల్లి అని ఒక ఆడ కుక్క ఉంది, వీధి కుక్కే, మూడేళ్ళ కిందట వానాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన తడిసి ముద్దయి వణుకుతుంటే మా ఆయన టవల్లో చుట్టి తెచ్చారు, అప్పటి నుంచి మాతోనే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఏటా రేబిస్ టీకా వేయిస్తాం, కార్డు ఉంది.

ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే ఓనర్‌కి ఫోన్‌లో చెప్పాం కుక్క ఉందని, శుభ్రంగా ఉంచుకుంటే చాలమ్మా అన్నారు. అగ్రిమెంట్‌లో మాత్రం కుక్క ఊసే లేదు. ఐదు నెలలు ఏ గొడవా లేదు, మొన్న కొత్త కమిటీ వచ్చాక వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, జనరల్ బాడీలో మెజారిటీతో తీర్మానం చేశాం, అద్దెకున్నవాళ్ళు జంతువులు పెంచకూడదు, 15 రోజుల్లో పంపేయాలి, లేకపోతే నెలకి 5 వేలు ఫైన్, అప్పటి దాకా లిఫ్ట్ ఎక్కించొద్దు అని. సొంత ఫ్లాట్ వాళ్ళకి ఈ రూల్ లేదంట! ఐదో ఫ్లోర్లో సొంత ఫ్లాట్ వాళ్ళకే లాబ్రడార్ ఉంది.

మా ఓనర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళతో నాకెందుకమ్మా తలనొప్పి, కుక్కనైనా పంపించండి లేదా మీరైనా ఖాళీ చెయ్యండి అన్నారు. పంపించడం అంటే ఎక్కడికి అండీ? రెండు రోజుల నుంచి నిద్ర లేదు.

మియాపూర్_సాయి
అక్కా సేమ్ టు సేమ్ నాకు పోయినేడు అయింది. నాది బీగిల్. ఇల్లు దొరకడానికే రెండు నెలలు తిరిగిన, టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు ఫ్యామిలీయా బ్యాచిలరా అంటరు, తర్వాత వెజ్జా నాన్ వెజ్జా అంటరు, కుక్క ఉందన్నంక కాల్ కట్. ఒక బ్రోకర్ అయితే చెప్పకుండ చేరిపో అన్నా, చేరినంక చూసుకుందం అన్నడు. నేను గట్ల చేయలే, చేస్తే తర్వాత మన మాటకు విలువ ఉండది. మీరు ముందే చెప్పిన్రు, ఫోన్‌లో చెప్పిన దానికి ఏమన్న ప్రూఫ్ ఉందా? వాట్సాప్‌ల ఏమన్న రాసుకున్నరా?

మల్లి_వాళ్ళ_అమ్మ
థాంక్స్ తమ్ముడూ. వెతికితే ఒకటి దొరికింది, చేరిన వారానికి గీజర్ గురించి మెసేజ్ చేస్తే ఓనరే చివర్లో "కుక్క బాల్కనీ గ్రిల్ దగ్గర జాగ్రత్త, గ్యాప్ ఉంది" అని పెట్టారు. అది పనికొస్తుందా?

కోర్టు_గుమ్మం
అమ్మా, నేను సివిల్ కేసులు చూసే లాయర్ని, పదకొండేళ్ళ ప్రాక్టీసు. ఆ మెసేజ్ చాలా పనికొస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, చాట్ మాత్రం డిలీట్ చెయ్యొద్దు. కుక్క ఉన్న సంగతి ఓనర్‌కి తెలుసు, తెలిసే ఒప్పుకున్నారు అని దాంతో చూపించొచ్చు.

ఇక్కడ రెండు తగాదాలు ఉన్నాయి, వాటిని కలపకండి. అసోసియేషన్‌తో ఉన్నది ఒకటి, ఓనర్‌తో ఉన్నది ఇంకొకటి. మొదటి దాంట్లో మీ వైపు బలం ఉంది, రెండో దాంట్లో అంత లేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా.

అసోసియేషన్ సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డు ఒకటి ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. వాళ్ళు 2015 ఫిబ్రవరిలో అపార్ట్‌మెంట్ సంఘాలకి మార్గదర్శకాలు ఇచ్చారు. బైలాస్, అంటే సంఘం రాసుకున్న నియమాలు, మార్చి అయినా సరే, మెజారిటీ ఒప్పుకున్నా సరే, పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి సంఘానికి అధికారం లేదు అని అందులో ఉంది. లిఫ్ట్ వద్దనకూడదు, లిఫ్ట్ వాడినందుకు డబ్బు అడక్కూడదు, సొంత ఇంటివాళ్ళకి ఒక రూలు అద్దెవాళ్ళకి ఒక రూలు కుదరదు. మొరిగింది కాబట్టి పంపెయ్ అనడం కూడా కుదరదు, కానీ రాత్రిళ్ళు మొరక్కుండా చూసుకునే బాధ్యత పెంచేవాళ్ళదే అని కూడా అందులోనే ఉంది. 2021లో కేరళ హైకోర్టు కూడా ఇలా నిషేధించే బైలా చెల్లదని తీర్పిచ్చింది. అది మన హైకోర్టుని కట్టిపడెయ్యదు కానీ వాదనకి ఉపయోగమే.

అయితే ఈ మార్గదర్శకాలు చట్టం కావు, శాసనసభ చేసినవి కావు, చూపించగానే ఎవరూ జైలుకి పోరు. కమిటీ ముందు కాగితం పెట్టి, మీరు చేసింది చెల్లదు అని రాతపూర్వకంగా అడగడానికి మాత్రం బాగా పనికొస్తాయి. వాట్సాప్‌లో వాదించకండి, తీర్మానం కాపీ ఇమ్మని, ఏ బైలా ప్రకారం చేశారో చెప్పమని లెటర్ ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

బి_బ్లాక్_సెక్రటరీ
నేను వేరే అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ళు సెక్రటరీగా చేశాను, మా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. నోటీస్ తప్పే, ఫైన్ ఇంకా తప్పు, కానీ అందరూ కుక్కలంటే ద్వేషంతో ఓటు వెయ్యరు. మా దగ్గర ఒక ఏడేళ్ళ పాప లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే లోపల ఉన్న పెద్ద కుక్క ఒక్కసారి ముందుకి దూకితే వెనక్కి పడి మోచెయ్యి విరిగింది, కుక్క కరవలేదు, ఏమీ చెయ్యలేదు, ఆడుకుందామనే దూకింది, కానీ ఆ పాప తర్వాత ఏడాది పాటు మెట్లే ఎక్కింది, నాలుగో ఫ్లోర్. వాళ్ళ నాన్న మీటింగులో ఆ మాట చెప్తుంటే ఎవరికీ నోరు పెగల్లేదు. వాచ్‌మన్ భార్య రోజూ పొద్దున సెల్లార్‌లో పెంట ఎత్తేది, ఆమె జీతంలో అది లేదు, ఆమె గురించి మాట్లాడినవాళ్ళూ లేరు.

మేము చివరికి నిషేధం పెట్టలేదు. కుక్క ఉన్నవాళ్ళు ఆరుగురినీ కూర్చోబెట్టి, లిఫ్ట్‌లో ఎవరైనా ముందే ఉంటే తర్వాతి ట్రిప్పు వచ్చేదాకా ఆగడం, పట్టీ పొట్టిగా పట్టుకోవడం, ఎవరి కుక్క పెంట వాళ్ళే ఎత్తడం, ఇవి వాళ్ళ చేతే ఒప్పించాం. రాసుకున్నది ఒక్క పేజీనే. అమ్మా మీరు కూడా నోటీసుకి జవాబుతో పాటు ఇలాంటి పేజీ ఒకటి మీరే రాసి తీసుకెళ్ళండి. చట్టం కాగితం ఒక్కటే పట్టుకెళ్తే వాళ్ళు గెలవడం గురించే ఆలోచిస్తారు.

మల్లి_వాళ్ళ_అమ్మ
సెక్రటరీ గారూ మీరు చెప్పిన పాప సంగతి చదివి మనసు ఎలాగో అయిపోయింది. మా దగ్గర కూడా రెండో ఫ్లోర్లో ఒక బాబు ఉన్నాడు, మల్లిని చూస్తే వాళ్ళ అమ్మ చీర కొంగు వెనక్కి పోతాడు, మేము అది చూసినప్పటి నుంచి పొద్దున ఐదున్నరకి, రాత్రి పదిన్నరకి మాత్రమే కిందకి తీసుకెళ్తున్నాం. ఇప్పుడు లిఫ్ట్ వద్దన్నారు కదా, మెట్ల మీదే దింపుతున్నా. మల్లికి వెనక కుడి కాలు చిన్నప్పుడే బండి తగిలి విరిగి అతుక్కుంది, దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఒక్క క్షణం ఆగి ముందు కాళ్ళు రెండూ పెట్టి తర్వాత ఎడమ కాలు దించి ఆ కుడి కాలు ఈడుస్తుంది, యాభై నాలుగు మెట్లు, లెక్కపెట్టా. నిన్న సగంలో కూర్చుండిపోయి నా మొహంలోకి చూసింది. ఎత్తుకుందామంటే పద్దెనిమిది కేజీలు. మెట్ల మీద నేనూ కూర్చుని ఏడ్చేశానండి.

ఎల్బీనగర్_ఇల్లు
నేను ఓనర్ని, రెండు ఫ్లాట్లు అద్దెకిస్తా, ఒకదాంట్లో కుక్క ఉన్నవాళ్ళే ఉన్నారు నాలుగేళ్ళుగా. ఓనర్లు ఎందుకు భయపడతారో చెప్తా. అంతకుముందు ఉన్నవాళ్ళు పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్ళు, కుక్కని బెడ్‌రూమ్‌లో వేసి తలుపు మూసేవాళ్ళు, అది పాపం రోజంతా గీరి గీరి టేకు తలుపు కింద జానెడు ఎత్తు దాకా తొలిచేసింది, బాల్కనీ టైల్స్ మధ్య మూత్రం దిగి వాసన పోలేదు, గ్రౌట్ అంతా తీయించి మళ్ళీ వేయించా. అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటే గొడవ, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకోవడం ఎలాగూ మామూలే కదా, దానికి మించి అయింది.

ఇప్పుడున్నవాళ్ళు వచ్చినప్పుడు ఏం చేశారంటే, కుక్కని వెంట తీసుకొచ్చి చూపించారు, టీకా కార్డు చూపించారు, పాత ఓనర్ నంబర్ ఇచ్చి మాట్లాడమన్నారు, డ్యామేజ్ అయితే మేమే చేయిస్తాం అని అగ్రిమెంట్‌లో వాళ్ళే రాయించారు. చేరే రోజు ఇద్దరం కలిసి తలుపులు, కిచెన్ షట్టర్లు, ఫ్లోర్ అన్నీ వీడియో తీసుకున్నాం. అంతకంటే ఓనర్‌కి ఏం కావాలి చెప్పండి. మీ ఓనర్‌ని కూడా ఒకసారి రమ్మనండి అమ్మా, ఇల్లు చూస్తే సగం భయం పోతుంది.

కడప_కుర్రోడు
లాయర్ సార్, నాదొక డౌటు. రెంట్ కంట్రోల్ చట్టం అని ఒకటి ఉంది గదా, ఓనరు ఊరికే ఖాళీ చేయించలేడు అంటారు, అది ఈమెకి వర్తించదా? మా మామ వాళ్ళు సికింద్రాబాద్‌లో పాత షాపులో నలభై ఏళ్ళ నుండి ఉండారు, ఎవరూ కదిలించలేకపోయినారు.

కోర్టు_గుమ్మం
మంచి ప్రశ్న. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, అందులో ఉన్న కారణాలు తప్ప వేరే కారణంతో ఖాళీ చేయించలేరు, నిజమే. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ఏరియాల్లో నెలకి 3,500 దాటిన అద్దెలు దాని బయటికి పోయాయి. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కి ఫ్లాట్ ఎక్కడుంది? కాబట్టి ఈమె లాంటి వాళ్ళకి మిగిలింది అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అంతే. నేను ప్రతి క్లయింట్‌కీ చెప్పేది ఇదే, మీకున్న రక్షణలో ముప్పావు వంతు మీరు సంతకం పెట్టిన ఆ నాలుగు పేజీల్లోనే ఉంటుంది, ఆన్‌లైన్‌లో దొరికిన ఫార్మాట్ ప్రింట్ తీసి చదవకుండా సంతకం పెట్టకండి.

అగ్రిమెంట్ 11 నెలలు ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. గడువు లోపల ఓనర్ ఖాళీ చెయ్యమంటే అగ్రిమెంట్‌లో రాసుకున్న నోటీస్ పీరియడ్ ఇవ్వాలి, మామూలుగా ఒకటి రెండు నెలలు ఉంటుంది, మీ దాంట్లో ఎంతుందో చూడండి. ఏ కాగితమూ లేకుండా నెలనెలా అద్దె మీద ఉన్నా సరే 15 రోజుల నోటీస్ రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే. నోటీస్ అయిపోయినా మీరు ఖాళీ చెయ్యకపోతే ఆయన కోర్టుకెళ్ళాలి తప్ప తాళం మార్చడం, సామాన్లు బయట పెట్టడం, కరెంటు నీళ్ళు కట్ చేయించడం చెల్లదు. అలా బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల లోపు కేసు వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్. అద్దె మాత్రం ఒక్క రోజు కూడా లేటు చెయ్యకండి, బ్యాంకు ద్వారానే పంపండి, చేతికివ్వకండి.

కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది, అడ్వాన్స్ రెండు నెలలకి మించకూడదు, ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, నీళ్ళు కరెంటు ఆపకూడదు అని మంచివే ఉన్నాయి అందులో. పేరులోనే ఉంది, నమూనా. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. పైగా అందులో కూడా కుక్కా పిల్లీ గురించి మాట లేదు.

మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. 11 నెలలు అయ్యాక ఓనర్ రెన్యూ చెయ్యను అంటే, కారణం కుక్కే అయినా, ఆయన్ని బలవంతపెట్టే చట్టం మన దగ్గర లేదు. జంతు సంక్షేమ బోర్డు కాగితం కమిటీని ఆపడానికి పనికొస్తుంది గానీ ఓనర్ చేత ఇల్లు ఇప్పించలేదు.

మెల్బోర్న్_లక్ష్మి
ఇది చదువుతుంటే బాధేస్తోంది. మేము గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ తొమ్మిదేళ్ళు, అద్దె ఇంట్లోనే ఉన్నాం. ఇక్కడ ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 2020 మార్చి నుంచి రూలు మారింది, మనం ఒక ఫారం నింపి పెంపుడు జంతువుకి అనుమతి అడగాలి, ఓనర్ కాదనాలంటే 14 రోజుల లోపు ట్రిబ్యునల్‌కి వెళ్ళి సరైన కారణం చూపించాలి, ఆ గడువులో వెళ్ళకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మా పిల్లిని అలాగే తెచ్చుకున్నాం, 15వ రోజు పొద్దున్నే మా అమ్మాయి క్యాలెండర్ మీద టిక్కు పెట్టింది. కారణం చూపించాల్సిన బరువు ఓనర్ మీద ఉండటం, అద్దెవాళ్ళ మీద లేకపోవడం, అదొక్కటే తేడా అండీ, కానీ ఎంత తేడానో. అయితే ఇల్లు ఇచ్చే ముందు అప్లికేషన్లలోంచి వాళ్ళకి నచ్చినవాళ్ళని ఎంచుకుంటారు, ఆ ఇబ్బంది ఇక్కడా ఉంది.

బ్రాంప్టన్_బాబాయ్
మా కెనడా అంటారియోలో ఇంకొక అడుగు ముందే, అగ్రిమెంట్‌లో పెంపుడు జంతువులు వద్దు అని రాసినా ఆ వాక్యం చెల్లదు, అద్దె చట్టంలోనే ఉంది ఆ మాట. ఓనర్ సంతకం పెట్టించుకున్నా సరే, దాని మీద ఖాళీ చేయించలేడు. కానీ కాండో బిల్డింగ్, అంటే ఒక్కో ఫ్లాట్ ఒక్కొక్కరి సొంతమైన బిల్డింగ్, అయితే ఆ కాండో సొంత రూల్స్ ఉంటాయి, అవి వర్తిస్తాయి, మనవాళ్ళు చాలా మంది ఆ తేడా తెలియక చిక్కుల్లో పడ్డారు. చిత్రం చూడండి, హైదరాబాద్‌లో సంఘానికి ఆపే అధికారం లేదు ఓనర్ ఆపగలడు, ఇక్కడ ఓనర్ ఆపలేడు బిల్డింగ్ ఆపగలదు.

పిల్లి_పద్మ
పిల్లులున్నవాళ్ళ గురించి కూడా ఒక ముక్క. నాకు రెండు, తార్నాకలో. పిల్లి అంటే ఓనర్లు కుక్కంత భయపడరు కానీ అరిష్టం అంటారు, ఎదురొస్తుంది అంటారు, ఒక పెద్దావిడ అడ్వాన్స్ తిరిగిచ్చేసింది నాకు. బాల్కనీకి నెట్ వేయించుకోండి, పావురాల కోసం అని చెప్తే ఓనరే సంతోషిస్తారు, పిల్లి పడిపోకుండానూ ఉంటుంది.

బెంగుళూరు_రాయుడు
మా దగ్గర పెట్ ఫ్రెండ్లీ అని యాడ్‌లో పెట్టి అడ్వాన్స్ పెంచేస్తారండి, మామూలుగానే ఐదారు నెలలు అడుగుతారు, కుక్క ఉందంటే ఇంకో నెల. రాసుకోవాల్సింది ఏంటంటే ఆ ఎక్స్‌ట్రా నెల దేనికి, ఎప్పుడు తిరిగిస్తారు, ఏది మామూలు అరుగుదల ఏది డ్యామేజ్. నేను గోడ మీద గీతలు, తలుపు మీద పంటిగాట్లు, ఇవి డ్యామేజ్, ఎండకి వెలిసిన పెయింట్ డ్యామేజ్ కాదు అని విడివిడిగా రాయించా. బ్రోకర్ నవ్వాడు గానీ ఖాళీ చేసినప్పుడు పైసా కట్ అవ్వలేదు.

మియాపూర్_సాయి
అక్కా ఇంకొకటి, మున్సిపల్ కార్పొరేషన్ కుక్క లైసెన్స్ ఉందా మల్లికి? లేకపోతే ఫస్ట్ అది చేయించు, కమిటీల ఎవరో ఒకరు అదే పట్టుకుంటరు. మా దాంట్ల గట్లనే అయింది. మరి మీరు ఆఫీసుకు పోయినప్పుడు మొరుగుతదా? నేను పాత ఫోన్‌ని కెమెరా లెక్క పెట్టి చూసిన, మేము పోయిన ఇరవై నిమిషాల దాంక తలుపు దగ్గర ఏడుస్తుండె, తర్వాత పండుకుంటుండె. పోయే ముందు అరగంట నడిపిచ్చి, రాగి ముద్ద గడ్డకట్టిచ్చి నాకనీకి పెట్టిపోతే పది రోజులల్ల బంద్ అయింది. ఆ వీడియో పక్కింటోళ్ళకు చూపిచ్చిన, మేం ప్రయత్నం చేస్తున్నమని వాళ్ళకు సమజైంది. ఆదివారం కొండాపూర్ డాగ్ పార్కుకు కూడా తీస్కపోతం, మస్తుగ ఉర్కుతడు ఆడ, వారమంత శాంతంగ ఉంటడు.

మల్లి_వాళ్ళ_అమ్మ
మూడు వారాల తర్వాత రాస్తున్నా, అందరూ ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు, సారీ లేటయింది.

లైసెన్స్‌కి అప్లై చేశాం. లాయర్ గారు చెప్పినట్టు లెటర్ ఇచ్చాం, తీర్మానం కాపీ అడిగాం, సెక్రటరీ గారు చెప్పినట్టు మేమే ఒక పేజీ రాసుకుని వెళ్ళాం. మీటింగులో మొదట ఒకాయన గట్టిగా అరిచారు, వీధి కుక్కని తెచ్చి మా పిల్లల మీద వదులుతారా అని. మా ఆయన టీకా కార్డు తీసి టేబుల్ మీద పెట్టారు, ఏమీ మాట్లాడలేదు. రెండో ఫ్లోర్ బాబు వాళ్ళ అమ్మ లేచి, వీళ్ళు మా వాడి కోసం ఐదున్నరకే లేచి వెళ్తున్నారు, నాకు ఆ సంగతి తెలుసు, నాకు అభ్యంతరం లేదు అన్నారు. ఆ మాట నేను ఊహించలేదు. ఫైన్ తీసేశారు, లిఫ్ట్ ఇచ్చారు, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఎక్కాలి, దానికి మేము సరే అన్నాం. ఇవన్నీ మినిట్స్‌లో రాయమని అడిగాను, రాశారు, ఫోటో తీసుకున్నా.

ఓనర్ గారు వచ్చారు, ఇల్లంతా తిరిగి చూశారు, తలుపులు వంగి మరీ చూశారు. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఒక కుక్క ఉండొచ్చు, డ్యామేజ్ మాది అని ఇద్దరం సంతకాలు పెట్టాం. కానీ మిగిలిన ఐదు నెలలకే, తర్వాత రెన్యూ చెయ్యను, మా అబ్బాయికి కావాలి అన్నారు. అబ్బాయికి నిజంగానే కావాలో లేక ఇదేనో నాకు తెలియదు, లాయర్ గారు ముందే చెప్పారు కాబట్టి అంత దెబ్బ తగల్లేదు. ఇప్పటి నుంచే వెతుకుతున్నాం.

కోర్టు_గుమ్మం
చాలా బాగా చేశారమ్మా. కొత్త ఇంటి అగ్రిమెంట్‌లో నాలుగు మాటలు ఉండేలా చూసుకోండి. మల్లి పేరు, వయసు, రంగుతో సహా అనుమతి ఉన్నట్టు. సంఘం అభ్యంతరం చెప్పినంత మాత్రాన ఓనర్ ఖాళీ చేయించకూడదని. నోటీస్ ఇద్దరికీ రెండు నెలలని. అడ్వాన్స్ ఖాళీ చేసిన రోజే తిరిగివ్వాలని. డ్రాఫ్ట్ పంపండి, చూసి పెడతా, ఫీజు వద్దు.

ఎల్బీనగర్_ఇల్లు
అమ్మా మా తోడల్లుడి ఇల్లు సైనిక్‌పురిలో ఉంది, ఇండిపెండెంట్, గ్రౌండ్ ఫ్లోర్, పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతోంది, మెట్లు రెండే. అద్దె 20 అంటున్నాడు. కుక్క అంటే ఇంట్లోవాళ్ళకి ఇష్టమే, వాళ్ళదే ఒకటి పోయిన సంక్రాంతికి చనిపోయింది, గేటు దగ్గర దాని గిన్నె ఇంకా అలాగే ఉంచారు. కేపీహెచ్‌బీ నుంచి దూరం, మీ ఆఫీసులు ఎక్కడో తెలియదు.

మల్లి_వాళ్ళ_అమ్మ
అన్నయ్యగారూ, మా ఆయనది ఉప్పల్ వైపే, నాకు వారానికి రెండు రోజులే ఆఫీసు. దూరం పర్లేదు. ఆదివారం పొద్దున పదింటికి రావొచ్చా అని అడగండి, మల్లిని కూడా తీసుకొస్తాం, ముందు దాన్ని చూశాకే వాళ్ళు ఇల్లు చూపించాలి.

ఎల్బీనగర్_ఇల్లు
ఫోన్ చేశా. రమ్మన్నారు. ఆ గిన్నె కడిగి పెడతామన్నారు.